పొయ్యి కాగేదాకా

సముద్రం వచ్చి వెళ్ళిపోయిందని పోర్ట్ బ్లెయిర్‌లో అందరూ చెప్పుకుంటారు. యర్రయ్య చేలోకి వచ్చిన సముద్రం మాత్రం వెళ్ళలేదు.

నికోబార్ దీవుల్లో ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయిన ఆ ఆదివారం పొద్దున, పోర్ట్ బ్లెయిర్ పక్కనున్న యర్రయ్య ఊరు సిప్పీఘాట్‌లో నీళ్ళు పెద్ద హడావుడేమీ చెయ్యలేదు. ముందు భూమి ఊగింది. గానుగ పాక ఒక పక్కకి ఒరిగింది. గేదె పలుపు తెంపుకుని రోడ్డెక్కింది. ఆ తరవాత సముద్రపు పాయ క్రీకులోంచి నీళ్ళు గట్టెక్కి, పిలవకపోయినా భోజనానికి దిగిన చుట్టంలాగ, నింపాదిగా చేలోకొచ్చి కూచున్నాయి. చుట్టుపక్కల ఇళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు. యర్రయ్య పెళ్ళాం గవరమ్మ గంగమ్మతల్లికి కొబ్బరికాయ కొట్టింది. పోటు తీస్తే నీళ్ళూ పోతాయిలే అనుకున్నారు. పోటు తీసింది, నీళ్ళు సగం పోయాయి. మళ్ళీ పోటొచ్చింది, మళ్ళీ నిండాయి. అప్పట్నించీ అదే వరస. చెరకు ఆకులు ముందు ఎర్రబారాయి, తరవాత మొదళ్ళు కుళ్ళాయి. వరి మడి నల్లబడి, దాంట్లో చేపపిల్లలు తిరగడం మొదలెట్టాయి.

కొలతలవాళ్ళు వచ్చి చూశారు. "నీళ్ళు పెరగలేదు దాదా, నేల కుంగింది. ఈ వైపంతా మూరెడు పైనే కిందికి దిగిపోయింది" అని హిందీలో చెప్పి జీపెక్కి వెళ్ళిపోయారు.

యర్రయ్య ఆ మాట పట్టుకున్నాడు. నీళ్ళు పెరిగాయంటే మనిషి చేసేదేమీ లేదు. నేల కుంగిందంటే సంగతి వేరు. కుంగినది లేవకూడదని ఎక్కడుంది?

ఉప్పు సంగతి అతనికి బెంగ లేదు. ఆ భూమి పుట్టిందే ఉప్పులోంచి. వాళ్ళయ్య అనకాపల్లి పక్క బెల్లం వండే ఇంటివాడు. రోడ్డు కంట్రాక్టరు వెంట కూలికి ఈ దీవులకి వచ్చి, ఎవరికీ అక్కర్లేని మడచెట్ల బురద కాస్త సంపాదించి, దానికి గట్టేసి కూచున్నాడు. ఏటా వానలకి ఉప్పు కడుక్కుపోవాలి. వానలు వెలిసినప్పుడల్లా చిటికెడు మన్ను తీసి కొడుకు నాలుక మీద పెట్టేవాడు. "ఉప్పగున్నాదేట్రా?" అనేవాడు. "ఉన్నాదయ్యా" అనేవాడు యర్రయ్య. ఒక ఏడు "లేదయ్యా" అన్నాడు. ఆ ఏడు విత్తనానికి చెరకు ముచ్చెలు తెచ్చి పాతారు. ఆ తరవాత సిప్పీఘాట్ బెల్లం పోర్ట్ బ్లెయిర్ గోల్ ఘర్ కొట్లలో పేరు పెట్టి అడిగేదాకా వచ్చింది.

కాబట్టి యర్రయ్యకి కావలసింది ఒక్కటే. నేల మూరెడు లేవాలి. మిగతాది వానలు చూసుకుంటాయి.

వేసవి మొదట్లో గవరమ్మ తమ్ముడు కొండబాబు ఫెరార్గంజ్ నించి మోటారు సైకిలు మీద దిగాడు. దిగీ దిగగానే చేనుకేసి చూసి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏటి బావా, రొయ్యలు పెంచుతున్నావా?"

"నువ్వొస్తున్నావని తెలిసి పెంచాను. మీ అప్ప పులుసు పెడతాది, తిని పో."

"మజాక్ కాదు బావా. నా మిట్ట భూమి ఖాళీగా ఉన్నాది. సగం నువ్వు చేసుకో. చెరకు వెయ్యి, బెల్లం వొండు, పెనం తెచ్చుకో. దానయ్యని కూడా తెచ్చుకో, ఇద్దరికీ పని సరిపోద్ది. వానలు పడేలోగా చెప్పాల. లేదంటే పోక తోటకి అడుగుతున్నారు, ఇచ్చేస్తాను. ఒకసారి పోకలు పాతేరంటే మరి నా చేతిలో ఉండదు."

దానయ్యది పక్క చేను. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. యర్రయ్యని సొంత అన్నకన్నా ఎక్కువగా చూసుకునేవాడు. అన్న అవునంటే అవును, కాదంటే కాదు. గట్టు మీద కూచుని వాళ్ళ మాటలు వింటూ, "మిట్ట మీద నీళ్ళెక్కడివి కొండబాబూ?" అన్నాడు.

"ఇక్కడ ఉన్నాయి కదా బోలెడు, బిందెతో పట్టుకురా" అన్నాడు కొండబాబు.

గవరమ్మ నవ్వింది. సముద్రం వచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదలు. యర్రయ్య అది గమనించాడు. గమనించి కూడా, "చూద్దాంలేరా" అని ఊరుకున్నాడు.

చేను లేనివాడు ఏదో ఒకటి చెయ్యాలి కదా. విమానాశ్రయం పక్క లంబాలైన్‌లో ఒక గెస్ట్ హౌస్‌కి వంటమనిషి కావాలంటే యర్రయ్య చేరాడు. రాళ్ళ మీద పరిశోధన చేసేవాళ్ళు హైదరాబాదు నించి వచ్చి దిగారక్కడ. వాళ్ళలో భానుప్రకాష్ అనే కుర్రాయన తెలుగువాడు. చారు బావుందని చెప్పడానికి వంటింట్లోకి వచ్చేవాడు. రాను రాను వంటింట్లోనే పీట వేసుకుని తినడం మొదలెట్టాడు. నెత్తి మీద విమానం దిగుతుంటే ఇద్దరూ మాట ఆపి, అది దిగిపోయాక మళ్ళీ అందుకునేవారు.

ఒక మధ్యాహ్నం అతను వంటగట్టు మీద మూడు రాళ్ళు పెట్టాడు. ఒకటి బొగ్గులా నలుపు. ఒకటి బూడిద రంగు. మూడోది తెలుపు, దాని నిండా చిల్లులు.

"ఈ తెల్లది మాకు తెలుసు బాబూ. ఒడ్డుకి కొట్టుకొస్తాది. నీళ్ళ మీద తేలతాది. మాయావిడ దీంతోనే మడాలు తోముకుంటాది."

"సుమత్రా వైపు నించి వచ్చి ఉంటుంది. నల్లది బారెన్ దీవిది, మధ్యది నార్కొండం దీవిది. మూడూ ఒకే వరసలో ఉన్న పొయ్యిల మీద వండినవే అంటే నమ్ముతారా?"

"ఒకే వరసైతే రంగులెందుకు మారతాయి?"

ఆ ప్రశ్నకి భానుప్రకాష్ కళ్ళు వెలిగాయి. అన్నం కలపడం ఆపేసి, ఎంగిలి చేత్తోనే గాలిలో గీతలు గీస్తూ చెప్పుకొచ్చాడు. భూమికి పైన పెంకుంది. దాని కింద బాగా లోతున రాయి కరిగి పైకి వస్తుంది. నల్లగా, పల్చగా, చెప్పలేనంత వేడిగా ఉంటుంది. అది దారి చూసుకుని తిన్నగా పైకొచ్చేస్తే ఇదిగో ఈ బారెన్ రాయి అవుతుంది. కానీ పెంకు మందంగా ఉన్నచోట చాలావరకు పైకి రాలేకపోతుంది. పెంకు అడుగు పొరల్లోకి దూరి, చాపలా అడ్డంగా పరుచుకుని, అక్కడే గడ్డకట్టిపోతుంది.

"అయితే వచ్చింది దండగేనా?"

"దండగ కాదు. గడ్డకడుతూ తన వేడంతా చుట్టూ ఉన్న రాతికి ఇచ్చేస్తుంది. తరవాత ఇంకోటి వస్తుంది. అదీ దూరుతుంది, గడ్డకడుతుంది, వేడి ఇచ్చేస్తుంది. ఆ తరవాత ఇంకోటి. మధ్యలో మరీ ఆలస్యమైతే అంతా చల్లారిపోయి మళ్ళీ మొదటికొస్తుంది. ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటే మాత్రం వేడి పేరుకుంటుంది. ఇక అప్పుడు పెంకు రాయే కరగడం మొదలెడుతుంది. కరిగిన పెంకూ, ఆ నల్లదాంట్లో గడ్డకట్టగా మిగిలిన తేటా కలిసి కొత్త పాకం తయారవుతుంది. జిగురుగా, చిక్కగా ఉంటుంది, పక్కనున్న రాతికన్నా తేలిక. అది పైకి లేచి, పై పొరల్లో చేరుతుంది. చేరి చేరి ఒక జిల్లా అంత మేర పేరుకుంటుంది. ఈ తెల్ల రాయి అలాంటి పాకం తాలూకు నురగ."

యర్రయ్య గరిటె పట్టుకుని నిలబడిపోయాడు. తనకి తెలియని విషయం ఒక్కటీ చెప్పినట్టు లేదు ఆ కుర్రాయన.

"మొదటి పెనం పొయ్యిదే బాబూ" అన్నాడు.

"అంటే?"

"బెల్లం పొయ్యి ఏడాదంతా చల్లగా పడుంటాది కదా. చెరకాడే రోజులొచ్చి మొదటి పెనం ఎక్కిస్తే, ఎంత మంటెట్టినా పాకం కుదరదు. మంటంతా పొయ్యి గోడలు తాగేస్తాయి. ఆ బెల్లం సాగుతాది, అచ్చు కట్టదు. మా అయ్య అది అమ్మనిచ్చేవోడు కాదు. పొయ్యి వాటా అని కూలోళ్ళకి పంచేసేవోడు. రెండోది కొంచెం నయం. పొయ్యి కాగినాక చూడాల బాబూ, చిన్న మంటకే పెనం పొంగిపోతాది. ఆముదం చుక్క వేసి పొంగు దించాల."

"అంతే! అచ్చంగా అంతే!" అని భానుప్రకాష్ పీట మీద నించి లేచినంత పని చేశాడు. "నేను ఇరవై బొమ్మలేసి చెప్పేది మీరు రెండు ముక్కల్లో చెప్పారు."

యర్రయ్యకి ఆ మెచ్చుకోలు చెవికెక్కలేదు. పొంగడం అన్న తన మాట దగ్గరే తాను ఆగిపోయాడు.

"తేలికది పైకొస్తాదన్నారు. మరి పైనున్న నేల?"

"లేస్తుంది. కింద నిండుతున్నకొద్దీ పైన నేల ఉబ్బుతుంది. సుమత్రాలో టోబా అని పెద్ద సరస్సుంది. ఒకప్పుడు పేలిపోయి, నేల కూలిపోయి ఏర్పడ్డ గొయ్యి అది. ఆ పేలుడు బూడిద మన కర్నూలు జిల్లాలో కూడా పడింది. గిన్నెలు తోమే పొడికి ఇప్పటికీ తవ్వుకుంటారు. ఆ గొయ్యి కింద మళ్ళీ పాకం చేరింది. నడిమధ్య నేల పైకి లేచింది. ఒకప్పటి సరస్సు అడుగు ఇవాళ నీళ్ళ పైన దీవి. దాని మీద ఊళ్ళున్నాయి. వరి పండిస్తున్నారు."

"కుంగిన నేలే లేచిందా?"

"కుంగిన నేలే."

"నీళ్ళ అడుగునుంచా?"

"అడుగునుంచే."

ఇంకెవరైనా అయితే అక్కడ ఒక చిన్న ప్రశ్న అడిగి ఉండేవారు. యర్రయ్య అడగలేదు. తెలివి లేక కాదు. బెల్లం వండే ఇంట్లో పుట్టినవాడి నోట్లోంచి ఆ మాట రాదు. పొయ్యి దగ్గర నిలబడి "ఇంకెంతసేపు?" అని అడిగితే పాకం విరిగిపోతుందని వాళ్ళ నమ్మకం. కూలివాళ్ళు అడగరు, పిల్లలు అడగరు, బెల్లం కోసం బండి కట్టుకొచ్చిన షావుకారు కూడా అడగడు. చిన్నప్పుడు ఒకసారి యర్రయ్య ఆకలేసి అడిగితే, వాళ్ళయ్య తెడ్డు తిరగేసి వీపు మీద ఒక్కటిచ్చుకున్నాడు. కాగేది కాగినప్పుడే కాగుతుంది. మంట ఉందా లేదా అన్నదే చూసుకోవాలి.

ఆ మంట కూడా కనపడింది. ముందు డిగ్లీపూర్ బస్సు డ్రైవరు ఒకడు చెప్పాడు. ఉత్తరాన నేల లేచిందట. నీళ్ళలో ఉండే పగడపు దిబ్బలు బయటపడి ఎండకి తెల్లబడుతున్నాయట. అటు లేచింది, ఇటు లేవదా? ఆ తరవాత వేసవి చివర్లో బారెన్ దీవి మళ్ళీ మండింది. పొగా నిప్పూ కక్కుతోందని టీ కొట్టు దగ్గర రేడియో చెప్పింది. జనం గుండెలు బాదుకున్నారు, మళ్ళీ సముద్రం వస్తుందేమోనని. యర్రయ్య ఒక్కడే, కొడుకు పాసైనవాడిలాగ, ఇంటికి బిస్కెట్లు పట్టుకెళ్ళాడు.

"పొయ్యి అంటుకుంది" అన్నాడు గవరమ్మతో.

ఆవిడ బిస్కెట్ల పొట్లం విప్పలేదు.

మొదటి వానకి ముందు రోజు కొండబాబు వచ్చాడు. ఈసారి మోటారు సైకిలు దిగలేదు. దాని మీద కూచునే, "బోలో బావా. అవునా, కాదా?" అన్నాడు.

"నా భూమి లేస్తాది రా. అడుగున పాకం చేరతన్నాది. పెద్ద చదువుకున్నోళ్ళు చెప్పినారు."

"నీ చేను కిందే చేరతన్నాదని చెప్పినారా?"

"పొయ్యి ఒకటే వరస. మంట ఒక చోట పెడతాం, పెనం ఇంకో చోట కాగదా?"

"పాగల్ అయిపోనాడప్పా నీ మొగుడు" అన్నాడు కొండబాబు. ఆ మాటలో వేళాకోళం లేదు. "దానయ్యా, నువ్వైనా రా. నువ్వైనా బతుకు."

దానయ్య యర్రయ్య ముఖంలోకి చూశాడు. "అన్న ఉండగా నానెక్కడికి వస్తాను? నేల లేచినాక నా చేను ఎవడు దున్నుతాడు?"

కొండబాబు అక్క వంక చూశాడు. గవరమ్మ తల వంచుకుని, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. చేతులు ఎప్పుడో పొడిగా అయిపోయాయి. ఇంకా తుడుస్తూనే ఉంది. కొండబాబు కిక్కు కొట్టి వెళ్ళిపోయాడు. ఆ వానల్లోనే మిట్ట భూమిలో పోక మొక్కలు లేచాయి.

యర్రయ్యా దానయ్యా గట్టు ఎత్తడం మొదలెట్టారు. నేల లేచేసరికి గట్టు బలంగా ఉండాలి, కాలవలు తెరిచి ఉండాలి, మొదటి వానకే ఉప్పు కడుక్కుపోవాలి. ఇదీ లెక్క. పోటు తీసినప్పుడు బురద తట్టలతో పోసి తొక్కేవారు. పోటొచ్చినప్పుడు అందులో సగం కరిగిపోయేది. మిగిలిన సగం మీద మళ్ళీ పోసేవారు. ఒరిగిపోయిన గానుగ పాకలోంచి వాసాలు తీసి గట్టుకి ఊతంగా పాతారు. తుప్పు పడుతున్న పెనాన్ని యర్రయ్య నెలకోసారి బోర్లా వేసి నూనె రాసేవాడు. గెస్ట్ హౌస్‌లో రాళ్ళవాళ్ళు వెళ్ళిపోయాక వంట పని కూడా పోయింది. గవరమ్మ గోల్ ఘర్‌లో ఒక టిఫిన్ కొట్టుకి పిండి రుబ్బడానికి కుదిరింది. చీకటితో లేచి బస్సెక్కేది, మధ్యాహ్నం వచ్చేది. వచ్చి గట్టు మీద ఇద్దరు మగవాళ్ళకీ అన్నం పెట్టేది.

అలాగ ఒక వానాకాలం పోయింది. రెండోది పోయింది. మొదట్లో చూడ్డానికి ఆగినవాళ్ళు ఇప్పుడు రోడ్డు మీద నించి చూసి కూడా చూడనట్టు పోతున్నారు. చేలో మడమొక్కలు మోకాలెత్తు లేచాయి. వాళ్ళయ్య వేళ్ళతో సహా పెకలించిన చెట్లే అవి.

ఒకరోజు అన్నం పెడుతూ పెడుతూ గవరమ్మ గరిటె గిన్నెలో వదిలేసింది.

"ఇంకెంతకాలం?" అంది.

యర్రయ్య నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. ముప్ఫై ఏళ్ళు పొయ్యి దగ్గర తన పక్కన నిలబడి మడ్డి తీసిన మనిషి ఆవిడ. ఎండలోనూ, చూలుతో ఉండీ, జ్వరంలోనూ. ఒక్కనాడూ ఆ మాట అనలేదు. దానయ్య బిత్తరపోయి కంచం పక్కన పెట్టేశాడు.

"వొదినా, తప్పు! అలాగనకూడదు."

"పాకం విరుగుతాదా? విరగనీ. నాకు తెలియాల. నువ్వు ఎవుర్ని నమ్మినావో ఆయన్నే అడిగి రా. ఆ రాళ్ళాయన మళ్ళీ దిగినాడంట. కొట్లో చెప్పుకున్నారు. ఈ చేతులు చూడు." పిండికి నాని నాని తెల్లగా ముడతలు పడ్డ అరచేతులు చాపింది. "ఏడాదంటే ఏడాది రుబ్బుతాను. పదేళ్ళంటే పదేళ్ళు. ఎన్నాళ్ళో చెప్పు, చాలు."

మర్నాడు యర్రయ్య ఉతికిన చొక్కా వేసుకుని లంబాలైన్ వెళ్ళాడు. భానుప్రకాష్ అతన్ని చూసి వాకిట్లోకే ఎదురొచ్చాడు. కాస్త ఒళ్ళు చేశాడు, గడ్డం పెంచాడు. "యర్రయ్య గారూ! మీ పొయ్యి కథ ఎన్ని చోట్ల చెప్పానో తెలుసా? మొదటి పెనం పొయ్యిదే, అని. పిల్లలు ఒక్కసారికే పట్టేసుకుంటున్నారు" అంటూ కుర్చీ లాగాడు. యర్రయ్య కూచోలేదు.

"ఒక మాట అడగాల బాబూ. అప్పుడు అడగలేదు."

"అడగండి."

ఆ రెండు ముక్కలూ బయటికి రావడానికి యర్రయ్య చాలా అవస్థ పడ్డాడు. చెప్పు కింద నేలకేసి చూస్తూ అన్నాడు. "ఎంతసేపు పడతాది?"

"ఏది?"

"పొయ్యి కాగడానికి. పాకం చేరి నేల లేవడానికి."

భానుప్రకాష్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "ఓ, అదా. చోటుని బట్టి. పెంకు కాగడానికే కొన్ని లక్షల ఏళ్ళు. ఆ టోబా దీవి లేవడానికి వేలకి వేల ఏళ్ళు పట్టింది, అదీ కింద అంత పాకం ముందే ఉంది కాబట్టి."

నెత్తి మీద విమానం దిగింది. ఇద్దరూ అలవాటు ప్రకారం ఆగారు. చప్పుడు పోయాక కూడా యర్రయ్య నేలకేసే చూస్తున్నాడు. భానుప్రకాష్ అతని ముఖం చూశాడు, కాళ్ళకి మోకాళ్ళ దాకా ఎండిన బురద చూశాడు. నవ్వు పోయింది.

"యర్రయ్య గారూ, మీ పొలం... సిప్పీఘాట్ అన్నారు కదూ?"

"అవును బాబూ."

"అక్కడ కింద పొయ్యి లేదండీ. ఆ పొయ్యిల వరస సముద్రంలో చాలా దూరాన, తూర్పున ఉంది. మీ నేల కుంగింది వేడి వల్ల కాదు. అడుగున భూమి పెంకు పలకలు రెండు పట్టేసుకుని ఉండి, ఒక్కసారి జారాయి. అటు లేచింది, ఇటు దిగింది. అంతే."

"మళ్ళీ లేవదా?"

"కొద్దికొద్దిగా సర్దుకుంటుంది. వేలెడు లేవచ్చేమో. మూరెడంటే... మీ ముని మనవలు కూడా చూడరు."

"నాకు మనవలు లేరు బాబూ" అన్నాడు యర్రయ్య.

భానుప్రకాష్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "నేను మీ పొలం గురించి చెప్పడం లేదని... నాకు తట్టలేదు. మీరు అడుగుతున్నది అందుకని..."

"మీరు అబద్ధం చెప్పలేదు బాబూ. నానే నా పెనం కొలతకి విన్నాను." చెయ్యి మెల్లిగా విడిపించుకున్నాడు. "చారుకి చింతపండు ఎక్కువ వేస్తన్నాడు మీ కొత్త వంటోడు. వాసన ఇక్కడికే వస్తన్నాది. చెప్పండి."

గవరమ్మ గడపలోనే కూచుని ఉంది. అతను చెప్పక్కర్లేకపోయింది. నడకలోనే తెలిసిపోయింది ఆవిడకి. అయినా చెప్పించుకుంది. లక్షల ఏళ్ళు అన్న మాట విని, అదేదో పక్కింటి వాళ్ళ కబురైనట్టు తలూపింది. లేచి లోపలికెళ్ళి రేకు పెట్టెలో చీరలు సర్దుకుంది.

"తమ్ముడి దగ్గర ఖాళీ భూమి లేదు. పోక తోటలో ఆకులు ఏరడానికి మనుషులు కావాల్ట. ఇద్దరికీ ఒక గది ఇస్తానన్నాడు" అంది. "రా."

"దానయ్యకి చెప్పాల."

"చెప్పి రా. వస్తానంటే వాణ్ణి కూడా తీసుకు రా. నాను బస్సు దగ్గరుంటాను."

దానయ్య నడుం లోతు నీళ్ళలో ఉన్నాడు. యర్రయ్యని చూసి కేకేశాడు. "అన్నా, బేగి రా! చూడు, ఇయాల నీళ్ళు గట్టుకి జానెడు కిందకే ఆగిపోనాయి. లేస్తన్నాది అన్నా! వొదిన అడిగినా పాకం విరగలేదు!"

అష్టమి నాటి చిన్న పోటు అది. ఎప్పుడూ అంతే వస్తుంది. సముద్రం పక్కన పుట్టిన పిల్లాడికి కూడా తెలుసు. దానయ్యకీ తెలుసు, ఈ రెండేళ్ళ కిందటి దాకా.

యర్రయ్య గట్టు మీద గొంతుక్కూచుని, అంతా చెప్పాడు. పొయ్యి మన కింద లేదన్నాడు. లేచేది వేలెడే అన్నాడు. నేను తప్పు విన్నాను, నిన్ను నమ్మించాను అన్నాడు. దానయ్య వింటూ వింటూ తట్ట కిందికి దించాడు. ముఖంలో వెలుగు పోలేదు. మెల్లిగా మరోలాగ మారింది.

"వొదిన పెట్టె పట్టుకుని రోడ్డెక్కినాది. నాను చూసినాను" అన్నాడు.

"అవునురా. ఫెరార్గంజ్ పోతన్నాం. నువ్వూ రా."

"అయితే ఇదీ సంగతి. బామ్మర్ది పిలిచినాడు. నీకు అక్కడ నీడ దొరికినాది. నా దగ్గరకొచ్చి నేల లేవదని చెప్తన్నావు."

"ఒరే, నా మీద ఒట్టు..."

"లేస్తాదని ఒట్టేసింది కూడా నువ్వే కదన్నా! కొండబాబు పిలిచినప్పుడు నాను ఎల్లలేదు. ఎందుకెల్లలేదు? నువ్వున్నావని. కుంగిన నేల మీద వరి పండతన్నాదని ఎవడు చెప్పినాడు నాకు? ఇప్పుడు నేల లేచే టైముకి నన్ను పొమ్మంటావా? నువ్వు పో. పోయి ఆకులేరుకో. నేల లేచినాక నీ చేను కూడా నానే దున్నుతాను, నీ వాటా నీకు పెడతాను. నాను నీలాటోణ్ణి కాదు."

ఆ మాట అంటూనే అతను తట్ట అందుకున్నాడు. బురద గట్టు మీద పొయ్యబోయి నీళ్ళలో పోసుకున్నాడు. మళ్ళీ వంగాడు. నలభై దాటిన మనిషి. ఆ చేను తప్ప, ఈ అన్న తప్ప లోకంలో ఇంకేదీ లేనివాడు. చేను సముద్రం తీసుకుపోయింది. ఇప్పుడు రెండోది కూడా రోడ్డెక్కుతోంది.

రోడ్డు మీద బస్సు వచ్చి ఆగిన చప్పుడైంది. ఇంజను ఆపకుండా కాసేపు నిలబడింది. గవరమ్మ డ్రైవర్ని బతిమాలుతుందని యర్రయ్యకి తెలుసు. "ఏక్ మినిట్ భయ్యా, ఏక్ మినిట్" అంటూ ఉంటుంది. ఇప్పుడు లేచి నడిస్తే అందుతుంది. లేవాలనే అనుకున్నాడు. వాడి చెయ్యి పట్టుకు లాగాలనీ అనుకున్నాడు. కానీ వాడు రాడు. లాగితే ఇంకా లోపలికి నడుస్తాడు.

బస్సు కదిలింది. ఒక్కసారి హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

యర్రయ్య ఉతికిన చొక్కా విప్పి గట్టు మీది వాసానికి తగిలించాడు. నీళ్ళలోకి దిగాడు. దానయ్య అతని వంక చూడలేదు. ఒకడు బురద తీసి ఇచ్చాడు, ఒకడు పోశాడు. పోసిన బురద అంచుల్లో కరిగి, పాలల్లే నీళ్ళలో కలిసిపోతోంది.

"గట్టిగా తొక్కన్నా" అన్నాడు దానయ్య చివరికి.

యర్రయ్య తొక్కాడు.